మ్యూజియం కంటే ముందు జాబితా

(శ్రీకాకుళంలో స్థానిక చరిత్ర బృందం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, పెద్దలకు, సెలవురోజున ఇంటిపనులు పక్కనపెట్టి వచ్చిన మీ అందరికీ నమస్కారం.

ఈ రోజు కార్యక్రమ పత్రంలో ‘మ్యూజియం నిర్మాణం’ అని ఒక అంశం ఉంది. దాని మీద మాట్లాడమనే నన్ను పిలిచారు. ఉన్నమాట చెబుతాను. మన బృందం ఇప్పుడు మ్యూజియం కట్టకూడదు. స్థలం కోసం తిరగడం, చందాలు పోగుచేయడం, గాజు బీరువాలు చేయించడం అన్నీ మంచి మనసుతో తలపెట్టిన పనులే. కాదనను. అయితే వాటికి ముందు చేయవలసిన పని ఒకటి మిగిలిపోయింది. మన ఊళ్లో ఏముంది, ఎక్కడుంది, ఎవరి దగ్గరుంది అని చెప్పే జాబితా మన దగ్గర లేదు. ఆ జాబితా లేకుండా కట్టిన మ్యూజియంలో నాలుగు విగ్రహాలు, రెండు కత్తులు, ఒక పాత గడియారం చేరతాయి. పదేళ్లు తిరిగేసరికి అవి ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పగలిగిన మనిషి ఉండడు. ఊరూ పేరూ తెలియని విగ్రహం చూడటానికి బాగుంటుందేమో కానీ, మన ఊరి గురించి అది చెప్పేది ఏమీ ఉండదు.

మనది పాత ఊరు. చికాకోల్ అంటే మన శ్రీకాకుళానికి పాత పేరే. సర్కారులంటే ఆనాటి పరిపాలనా విభాగాలు. ఉత్తర సర్కారుల్లో చికాకోల్ సర్కారుకు ఇదే ముఖ్య పట్టణంగా ఉండేది. షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు ఇక్కడే ఉంది. నాగావళి ఒడ్డున ఉమారుద్ర కోటేశ్వరుడి గుడి ఉంది. చికాకోల్ మస్లిన్ అంటే ఒకప్పుడు సముద్రాలు దాటి పేరున్న బట్ట. ఊరు దాటి కాస్త వెళితే అరసవల్లి, శ్రీకూర్మం, వంశధార ఒడ్డున శాలిహుండం, ఆ పైన శ్రీముఖలింగం, ఇటు ఆమదాలవలస వైపు దంతపురం మట్టికోట, అటు కళింగపట్నం పాత రేవు. వీటి పేర్లు మీకు నేను చెప్పనక్కరలేదు. వీటిలో ముఖ్యమైనవాటికి బోర్డు ఉంది, కాపలా ఉంది, పుస్తకాల్లో చోటు ఉంది. నా దిగులు వాటి గురించి కాదు.

బోర్డు లేనివాటి సంగతి చూడండి. పాత బావి గట్టుకు వేసిన పలక మీద అరిగిపోయిన అక్షరాలు. రావిచెట్టు మొదట్లో సగం పూడిపోయిన వీరగల్లు, అంటే పోరులో చనిపోయిన వీరుడికి నిలిపిన రాయి. కరణం గారి మనవడి ఇంట్లో అటక మీద ఉన్న ట్రంకు పెట్టె. వీధి చివర ధర్మసత్రం గుమ్మం మీద దాత పేరు చెక్కిన చెక్క. గుజరాతీపేట, ఫాజుల్‌బాగ్‌పేట అని మనం రోజూ పలికే పేటల్లో ఎప్పుడు ఎవరు వచ్చి స్థిరపడ్డారో తెలిసిన ముసలివాళ్ల జ్ఞాపకం. వీటికి ఏ శాఖా కాపలా పెట్టదు, పెట్టలేదు కూడా. స్థానిక బృందం అవసరం ఉన్నది ఇక్కడే.

ఈ పనికి పెద్ద చదువులు కావాలని భయపడేవాళ్లకు మన జిల్లా మాస్టార్లు ఇద్దరి గురించి చెబుతాను.

మొదటివారు గిడుగు రామమూర్తి గారు. ఆగస్టు 29 రాగానే తెలుగు భాషా దినోత్సవం పేరుతో ఆయన పటానికి దండలు వేస్తాం. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం బడిపిల్లలకు కూడా తెలుసు. ఆయన చరిత్ర కోసం చేసిన పని మాత్రం మన జిల్లాలోనే చాలామందికి తెలియదు. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. శాసనాలు చదవడం ఆయనకు ఎవరూ నేర్పలేదు. ముఖలింగం గుడి రాళ్ల మీద ఉన్న పాత లిపిని తనంతట తానే కూడబలుక్కుని నేర్చుకున్నారు. ఈ ప్రాంతాన్ని ఏలిన గాంగ రాజుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని వాదించి, ఆధారాలు చూపించి రాశారు. నరసన్నపేట ప్రాంతంలోని నడగాంలో దొరికిన గాంగ రాజు వజ్రహస్తుడి రాగిశాసనాన్ని చదివి, శాసనాలను అచ్చువేసే ‘ఎపిగ్రాఫియా ఇండికా’ నాలుగో సంపుటంలో అచ్చు వేయించారు. ఆ శాసనం శక సంవత్సరం 979 నాటిది. అంటే 1057. శాలిహుండం కొండ మీద బౌద్ధ శిథిలాలు ఉన్నాయని 1919లో లోకానికి చెప్పింది కూడా ఆయనే. తవ్వకాలు జరిపిన పండితులంతా ఆ తర్వాత వచ్చినవారే.

ఇందులో నన్ను కట్టిపడేసే విషయం ఒకటుంది. గిడుగువారు నడగాం రేకులను తెచ్చి తన ఇంట్లో అద్దాల పెట్టెలో పెట్టుకుని ఉంటే, ఆయన తర్వాత అవి ఏమయ్యేవో ఎవరు చెప్పగలరు? చదివి, రాసి, అచ్చు వేయించారు కాబట్టి ఈ రోజు ఏ దేశంలో కూర్చున్నవాళ్లయినా వాటిని చదువుకోవచ్చు.

రెండోవారు మన కారా మాస్టారు, కాళీపట్నం రామారావు గారు. ఈ సభలో ఆయనను చూసినవాళ్లు, ఆయన పక్కన కూర్చుని మాట్లాడినవాళ్లు ఉన్నారు. మురపాకలో పుట్టి, జీవితమంతా బడిపంతులుగా పనిచేసిన మనిషి. తనకు వచ్చిన పురస్కారం డబ్బుతో 1997 ఫిబ్రవరి 22న ఈ ఊళ్లోనే కథానిలయం ప్రారంభించారు. తెలుగు కథ ఎక్కడ అచ్చయినా ఇక్కడికి చేరాలన్నది ఆయన పట్టుదల. కథానిలయానికి వెళ్లినవాళ్లు ముందు బీరువాలు చూస్తారు. నేను మాత్రం అక్కడి వివరాల పట్టికలు చూడమంటాను. ఏ కథ, ఎవరిది, ఏ పత్రికలో, ఏ సంచికలో వచ్చిందో వెతికి పట్టుకుని రాసిపెట్టిన ఓపిక ఉంది చూడండి, ఆ సంస్థకు ప్రాణం అదే. పాత పత్రికలు పోగుచేసినవాళ్లు ఆంధ్రదేశంలో ఎంతోమంది ఉన్నారు. వాళ్లు పోయాక ఆ కట్టలు కాటాకు వెళ్లిపోయాయి. కథానిలయం నిలబడిందంటే అక్కడ ప్రతి కాగితానికీ ఒక చిరునామా ఉన్నందువల్లే.

చరిత్ర విషయంలో కూడా తెలుగునాట మంచి సంప్రదాయమే ఉంది. రాజమహేంద్రవరంలో 1922లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి మొదలైంది. వాళ్లు నడిపిన పత్రికలో మన ప్రాంతపు గాంగ రాజుల రాగిశాసనాలు ఎన్నో అచ్చయ్యాయి. మన పొలాల్లో నాగలికి తగిలిన రేకులను గోదావరి ఒడ్డున కూర్చుని చదివి అచ్చు వేశారు. వాళ్లకు చేతులెత్తి మొక్కాలి. విజయనగరంలో గురజాడ వారు సంస్థానానికి శాసన పరిశోధకుడిగా పనిచేశారు. అంటే ఈ పని మన ప్రాంతానికి కొత్త కాదు. మధ్యలో వదిలేసిన పని, అంతే.

ఇప్పుడు పని ఎలా ఉంటుందో ఒక శాసనం దగ్గర మొదలుపెట్టి చెబుతాను.

శ్రీకూర్మం వెళ్లినప్పుడు మనం కూర్మనాథుడిని చూస్తాం, తాబేళ్లకు ఆకులు పెడతాం, ప్రదక్షిణ మండపం గోడల మీది పాత రంగుల బొమ్మలు చూస్తాం. స్తంభాలను ఆనుకుని కాసేపు కూర్చుంటాం. మనం ఆనుకున్న ఆ స్తంభాల నిండా అక్షరాలే. అఖండ దీపానికి ఇచ్చిన గొర్రెలు, నైవేద్యానికి రాసిచ్చిన పొలం, దానం చేసినవాడి పేరు, అతని ఊరు, సాక్షులు, ఆ రోజు తిథి, వారం వాటిలో ఉంటాయి. మధ్వ సంప్రదాయానికి చెందిన నరహరి తీర్థుల శాసనం అక్కడే ఉంది. శక సంవత్సరం 1203, అంటే 1281 నాటిది. కూర్మనాథుడి ఎదుట యోగానంద నరసింహుడికి ఆయన గుడి కట్టించిన సంగతి అందులో ఉంది. శ్రీకూర్మం, ముఖలింగం శాసనాలు ‘దక్షిణ భారత శాసనాలు’ ఐదో సంపుటంలో వరుసగా అచ్చయ్యాయి. అచ్చయినవి అచ్చయ్యాయి. వాటికి భయం లేదు. చుట్టుపక్కల పల్లెల్లో చిన్న గుళ్లలో ఉన్నవాటిలో ఎవరూ చూడనివి ఇంకా ఉంటాయి. గుడి బాగుచేయిద్దామని దాతలు ముందుకు రాగానే మొదట బలయ్యేవి అవే.

ఒక ఊళ్లో జరిగింది చెబుతాను. ఊరి పేరు ఎందుకు లెండి, వాళ్లూ భక్తితోనే చేశారు. గర్భగుడి గడప రాయి మీద అక్షరాలు ఉండేవి. కాళ్లు జారుతున్నాయని దాని మీద సిమెంటు పోసి గ్రానైటు పలక పరిచారు. పక్క స్తంభానికి ఎనామిల్ రంగు వేశారు. ఆ గడప మీద ఏమి రాసి ఉందో ఊళ్లో ఒక్కరికీ తెలియదు, ఫోటో కూడా లేదు. పలక పరచడానికి ముందు ఒక పిల్లవాడు ఫోనుతో నాలుగు ఫోటోలు తీసి ఉంటే చాలు, ఆ అక్షరాలు బతికేవి. గుడి బాగుచేయవద్దని నేను ఎవరికీ చెప్పను. దేవుడికి దీపం వెలగాలి, గుడికి జనం రావాలి. సిమెంటు బస్తా విప్పడానికి ముందు మనకు కబురు పెట్టమని అడుగుతున్నాను.

శాసనం ఫోటో తీయడానికి ఒక పద్ధతి ఉంది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు తీస్తే రాయి అంతా ఒకటే తెలుపు, అక్షరం కనపడదు. పొద్దున్నే, లేదా సాయంత్రం, ఎండ పక్క నుంచి ఏటవాలుగా పడుతున్నప్పుడు తీయాలి. అప్పుడు చెక్కిన గాడిలో నీడ నిలుస్తుంది, అక్షరం లేచి వస్తుంది. గుడి లోపల చీకటిగా ఉంటే టార్చిని ఎదురుగా కాకుండా రాయికి ఒక పక్కన ఆనించినట్టు పట్టుకోవాలి. ముందు రాయి అంతా వచ్చేలా ఒకటి, తర్వాత దగ్గర నుంచి వరుస వరుసకూ ఒకటి. పక్కన అడుగు బద్ద ఉంచితే పరిమాణం తెలుస్తుంది. ఆ రాయి గుడిలో ఏ దిక్కున, ఏ గుమ్మం పక్కన ఉందో వెంటనే నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఇంటికి వచ్చాక రాద్దామంటే ఆ వివరం ఇక దొరకదు.

శాసనానికి అచ్చు తీయడం మరో పద్ధతి. శాసన శాఖ వాళ్లు చేసేది అదే. మెత్తని బ్రష్షుతో, నీళ్లతో రాయిని కడుగుతారు. తడిపిన కాగితాన్ని రాయి మీద పరిచి, గట్టి బ్రష్షుతో తట్టుకుంటూ పోతారు. కాగితం అక్షరాల గాడుల్లోకి దిగుతుంది. అది కొంచెం ఆరాక గుడ్డ మూటతో నల్ల సిరా అద్దుతారు. గాడుల్లోకి సిరా వెళ్లదు కాబట్టి నల్లని కాగితం మీద అక్షరాలు తెల్లగా నిలుస్తాయి. చూడటానికి ఎంత ముచ్చటగా ఉంటుందో! కానీ ఇది చేయితిరిగినవాళ్లు చేయవలసిన పని, రక్షిత కట్టడమైతే అనుమతి కూడా ఉండాలి. మనం ఫోటోతో ఆగుదాం. అక్షరాలు కనపడటం లేదని ఇనుప బ్రష్షు పెట్టి గీకడం, యాసిడ్ పోయడం, నూనె పూయడం, రంగుతో దిద్దడం మాత్రం ఎవరూ చేయకండి. రంగుతో దిద్దినవాడు తనకు తోచిన అక్షరం దిద్దుతాడు. ఆ తర్వాత అసలు అక్షరం ఏదో పండితుడికి కూడా అంతుపట్టదు.

ఇక తేదీల సంగతి. నేను రెవెన్యూలో పనిచేసినవాడిని, లెక్కలంటే నాకు చెప్పలేని ఇష్టం, రెండు నిమిషాలు ఓపిక పట్టండి. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. ఇంట్లో ఉండే పాత శిస్తు రసీదుల మీద ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, ఉంటుంది. దానికి 590 కలపాలి. ఫసలీ 1330 అంటే 1920 జులై నుంచి 1921 జూన్ వరకు. మన ప్రాంతంలో వీటితో సరిపోదు. తొలి గాంగుల రాగిరేకుల్లో వాళ్ల సొంత శకం ఉంటుంది. దాని మొదలు సుమారు 498 అని పండితులు లెక్కకట్టారు. తర్వాతి గాంగుల శాసనాల్లో అంక సంవత్సరాలు వస్తాయి. ఇది రాజు పాలించిన ఏళ్లను లెక్కపెట్టే విచిత్రమైన పద్ధతి. లెక్క ఒకటితో కాకుండా రెండుతో మొదలవుతుంది. ఆరు రాదు. ఆరుతో ముగిసే అంకెలు గానీ సున్నాతో ముగిసే అంకెలు గానీ రావు. పదికి మాత్రం మినహాయింపు. కాబట్టి శాసనంలో ఇరవై అయిదో అంకం అని ఉంటే, ఒకటి, ఆరు, పదహారు, ఇరవై తీసేయాలి. నిజానికి అది ఆ రాజు పాలనలో ఇరవై ఒకటో ఏడు. ఈ పద్ధతి తెలియకుండా ఇరవై అయిదు అని రాసేస్తే నాలుగేళ్లు తేడా వస్తుంది. అందుకే మన జాబితాలో ఒక నియమం పెట్టుకోవాలి. రాయి మీద తేదీ ఎలా ఉంటే అలాగే ముందు రాయాలి. మన లెక్క దాని పక్కన, విడిగా.

కాగితాల దగ్గరకు వద్దాం. నా దృష్టిలో అసలు నిధి ఇక్కడే ఉంది.

ముందు ఒక విషయం గుర్తుంచుకోండి. మన జిల్లా వయసు తక్కువ. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950 ఆగస్టు 15న. అంతకు ముందు ఈ తాలూకా విశాఖపట్నం జిల్లాలో ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా గంజాం జిల్లాలో ఉంది. గంజాం కలెక్టరు ఉండేది ఛత్రపురంలో. 1979లో విజయనగరం జిల్లా పుట్టింది. 2022లో పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాకు, రాజాం విజయనగరం జిల్లాకు వెళ్లాయి. మీ తాతగారి పొలం ఎక్కడికీ కదలలేదు. దాని కాగితాలు మాత్రం ఇన్ని కార్యాలయాల మధ్య చెదిరిపోయి ఉంటాయి. మరోవైపు 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయినప్పుడు వాళ్ల ఠాణాల్లోని, అంటే కచేరీల్లోని, కాగితాల కట్టలు కొన్ని ప్రభుత్వానికి చేరాయి, చాలా భాగం ఎవరి ఇంటికి వాళ్లు పట్టుకుపోయారు. అందువల్ల ఈ ప్రాంతపు చరిత్రలో ఎంతో భాగం ఇప్పుడు మన ఇళ్లలోనే ఉంది.

అలాంటి ట్రంకు పెట్టె ఒకటి మొన్న తెరిచాం. పైన పెళ్లి శుభలేఖలు, వాటి కింద మద్రాసు ప్రభుత్వం నాటి స్టాంపు కాగితాల మీద దస్తావేజులు, ఇంకా కిందన ఎర్రగుడ్డలో చుట్టిన తాటాకుల కట్ట ఉన్నాయి. గుండుసూది గుచ్చిన ప్రతిచోటా తుప్పు చుట్టూ కాగితం గోధుమరంగు తిరిగి పొడిపొడి అవుతోంది. రబ్బరు బ్యాండు కరిగి దస్తావేజుకు అంటుకుపోయింది. ఒక దస్తావేజులో పొలానికి నాలుగు హద్దులూ రాసి ఉన్నాయి. తూర్పున ఉన్న చెరువు పేరు ఆ ఇంటి పెద్దాయన ఎప్పుడూ వినలేదు. చెరువు పోయింది, పేరు పోయింది, అది ఉండేదని చెప్పే సాక్ష్యం మాత్రం ఆ కాగితంలో మిగిలింది. వానాకాలంలో ఆ వీధిలోనే నీళ్లు ఎందుకు నిలుస్తాయో ఇప్పుడు అర్థమైందని ఆయన అన్నారు.

ముందు వరుసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. అడుగమ్మా. సరే, అందరికీ వినపడేలా నేను చెబుతాను. ‘మ్యూజియం లేకపోతే ఇవన్నీ ఇళ్లలో పాడైపోవా?’ అని అడుగుతోంది. మంచి ప్రశ్న. పాడైపోతాయి, ఎలా దాచుకోవాలో మనం చెప్పకపోతే. గుండుసూదులు, స్టేపులర్ పిన్నులు నెమ్మదిగా తీసేయండి. సెల్లో టేపు అంటించకండి, దాని జిగురు కాగితాన్ని తినేస్తుంది. లామినేషన్ అసలు చేయించకండి, ఒకసారి చేస్తే మళ్లీ ఊడదీయలేరు. మడతలు విప్పి, శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి, గోడకు తగలకుండా, నేలకు ఎత్తులో పెట్టండి. తాటాకులు పెళుసుబారితే నిమ్మగడ్డి నూనె పలచగా రాస్తే మళ్లీ వంగుతాయి. ఆకు మీద గంటంతో రాసిన గీత ఉంటుంది, మసి పోయి కనపడకపోయినా అక్షరం ఎక్కడికీ పోదు. ఏడాదికి ఒకసారి తీసి గాలికి ఆరబెట్టండి. మన అమ్మమ్మలు పట్టుచీరల పట్ల తీసుకునే జాగ్రత్త వీటికి చాలు. కాగితం మీ ఇంటిది, మీ ఇంట్లోనే ఉంటుంది. మేము వచ్చి ఫోటో తీసి, వివరం రాసుకుని, మీ చేతిలో పెట్టి వెళతాం. ఈ మాట మనం నూటికి నూరుపాళ్లు నిలబెట్టుకోవాలి. ‘మ్యూజియం కోసం ఇవ్వండి’ అని ఒక్క ఇంట్లో అడిగినా, మిగతా వీధిలో తలుపులు మూసుకుంటాయి. ఇది మ్యూజియానికి నేను చెప్పే రెండో అభ్యంతరం.

మూడోది చట్టం. నూరేళ్లు దాటిన విగ్రహాలు, నాణేలు, కళాఖండాలు, డెబ్బై అయిదేళ్లు దాటిన చారిత్రక విలువ గల రాతప్రతులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. వాటిని కొనడం, అమ్మడం, దేశం దాటించడం మన ఇష్టం కాదు. పొలంలో లంకెబిందె దొరికితే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. దొరికినవాడికి రావలసిన వాటా గురించి ఆ చట్టంలోనే ఉంది. రైతులకు ఇది తెలియక, పోలీసులు వస్తారని భయపడి, పాత నాణేలను రాత్రికి రాత్రే కరిగించేస్తున్నారు. నాణెం కరిగితే వచ్చేది గుప్పెడు లోహం. దాని మీది రాజు పేరు ఏ కొలిమి నుంచీ తిరిగి రాదు. కాబట్టి మనం ఊరూరా చెప్పవలసింది, ‘మాకు ఇవ్వండి’ అని కాదు, ‘కరిగించకండి, తహసీల్దారుకు చెప్పండి, భయం ఉంటే మేము తోడు వస్తాం’ అని. దిక్కులేకుండా రోడ్డు పక్కన పడి ఉన్న శిల్పం కనపడితే పురావస్తు శాఖకు రాద్దాం. శాలిహుండంలో వాళ్ల మ్యూజియం ఉండనే ఉంది.

పాత ఇళ్ల మరమ్మతు గురించి ఎక్కువ చెప్పను, దానికి తెలిసిన మేస్త్రీలు ఉన్నారు. ఒకే ఒక్క మాట. సున్నపు గచ్చుతో కట్టిన గోడకు సిమెంటు పూత వేయకండి. గోడలోని తేమ బయటికి రాలేక లోపలే నిలిచి ఇటుకను పొడి చేస్తుంది. గోపురం మీద మొలిచిన రావి మొక్కను వేళ్లతో సహా పెరికితే రాయి కూడా లేస్తుంది. మొక్కను కోసి, వేరును అక్కడే చచ్చిపోయేలా చూడాలి.

రాయి, కాగితం కాని వారసత్వం కూడా ఉంది. పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారు. ఆ దవడలోని సన్నని పళ్ల వరుస మధ్య నుంచి పత్తి పోగులు వెళ్లేటప్పుడు చెత్త అంతా ఇవతల ఉండిపోయి, దూది మెరుస్తూ బయటికి వస్తుంది. ఈ పని ఆ ఊళ్లో ఎక్కువగా ఆడవాళ్లే చేస్తారు. వాళ్లు దవడను ఎలా ఎంచుతారు, ఎలా పట్టుకుంటారు, ఎన్నాళ్లకు మారుస్తారు అన్నది వాళ్ల చేతులకు తెలిసిన విద్య. బుడితి కంచరుల పోతపని, జముకుల కథ, తప్పెటగుళ్లు వంటి జానపద కళలు కూడా అలాంటివే. ఫోను చేతిలో ఉంది, వీడియో తీయడం ఎవరికైనా వస్తుంది. మొదలుపెట్టగానే ఈ రోజు తేదీ, ఈ ఊరు, మాట్లాడుతున్నవారి పేరు అని మీ గొంతుతో చెప్పండి. ఆ నాలుగు మాటలు లేని వీడియోలు ఇప్పటికే కొల్లలుగా ఉన్నాయి, వాటిలో ఉన్నది ఎవరో ఎవరికీ తెలియదు. పాడినవారి అనుమతి అడగండి, తీసింది వాళ్లకు చూపించండి.

ఆలస్యం చేయలేని పని కూడా ఇదే. మందస జమీందారీలో అడవి హక్కుల కోసం జరిగిన పోరాటంలో 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులు జరిగాయి, గున్నమ్మ ప్రాణాలు ఇచ్చింది. ఆ రోజు పదేళ్లున్న పిల్లలకు ఇప్పుడు తొంభై దాటింది. వాళ్లలో ఎవరైనా ఉంటే, కనీసం వాళ్ల నోట విన్న పిల్లలు ఉంటే, వాళ్ల దగ్గరకు వెళ్లడానికి మ్యూజియం పునాది పూర్తయ్యే దాకా ఆగుదామా? నాకు మనసొప్పదు.

చివరగా జాబితా ఎక్కడ ఉంటుందన్న సంగతి. ఇలాంటి సంఘాలు కార్యదర్శి ఓపిక ఉన్నంత కాలమే నడుస్తాయి. ఆయన పోయాక రిజిస్టరు ఆయన ఇంట్లో ఉండిపోతుంది, ఇల్లు అమ్మేటప్పుడు పాత పేపర్లతో పాటు వెళ్లిపోతుంది. అందువల్ల మొదటి రోజు నుంచే మూడు ప్రతులు. ఒకటి జిల్లా గ్రంథాలయంలో, ఒకటి ఏదైనా కళాశాలలో, ఒకటి మన దగ్గర. ఫోటోలు కంప్యూటర్‌లోనూ, విడిగా మరో డిస్కులోనూ. ఇంట్లోవాళ్లు వద్దంటే వాళ్ల పేరు, చిరునామా బయటికి ఇచ్చే ప్రతిలో ఉండకూడదు. దొంగల చేతికి మనమే దారి చూపినట్టు కాకూడదు.

కాబట్టి అధ్యక్షుల వారికి నా ప్రతిపాదన ఇది. మ్యూజియం అంశాన్ని ఏడాది పాటు వాయిదా వేయండి. అందుకోసం పోగైన చందాను ఇచ్చినవాళ్ల అనుమతితో రిజిస్టర్లకు, ఒక మంచి కెమెరాకు, పిల్లల బస్సు చార్జీలకు వాడుదాం. ఏడాది తర్వాత జాబితా చూసుకుని, ఇంట్లో ఉండలేనివి, ఎవరూ చూసుకోనివి ఎన్ని ఉన్నాయో లెక్క తేలాక, గది కావాలో భవనం కావాలో అప్పుడు నిర్ణయిద్దాం.

వచ్చే ఆదివారం పొద్దున్న ఏడు గంటలకు కోటేశ్వరుడి గుడి దగ్గర కలుద్దాం. అక్కడి నుంచి గుజరాతీపేట వైపు ఇంటింటికీ వెళదాం. టార్చి, అడుగు బద్ద, గీతల నోటు పుస్తకం తెచ్చుకోండి. అటక మీద ట్రంకు పెట్టె ఉన్నవాళ్లు ఈ రోజే బయట బల్ల దగ్గర పేరు రాయించి వెళ్లండి. పాత లిపి చదవడం నేర్చుకోవాలన్న ఆసక్తి ఉన్న పిల్లలు వేరే కాగితం మీద రాయండి, వాళ్లకు శనివారాలు తరగతి పెడదాం.